ఉత్త చేతులతో

జూలై పదకొండు, ఆదివారం. ఆ రోజు మొదటి వింత, మా బడి ముందు ఆగి ఉన్న తెల్లటి వ్యాను. కవిటి మండలంలో ఓ మూలనున్న మా ఊరిదాకా వైద్యం చక్రాల మీద రావడం నేనెన్నడూ చూడలేదు. రక్తపరీక్షల శిబిరమట. షామియానా వేస్తున్నారు, మైకు సరిచేస్తున్నారు. ఆ సంగతి అత్తకి చెబుదామని పరుగున ఇంటికొచ్చాను. చెప్పాను కూడా. కాసేపటికి, సూదుల పెట్టెలు ఇంకా విప్పకముందే, మా అత్త పోయింది.

ఆమె మా నాన్నకి అక్క. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య కొబ్బరిచెట్ల వరసే గోడ. భర్త పోయాక కొబ్బరిపీచు తాళ్ళు పేనుకుని బతికింది. ఆమె నోటికి ఊరంతా భయపడేది. మా ఊళ్ళో ఇంటింటా ఉన్న కిడ్నీ జబ్బు పేరు పైకి అనరు. అంటే ఆ ఇంటి పిల్లలకి సంబంధాలు రావని "నీరసం" అంటారు. అత్త వీధిలో నిలబడి, "నీరసమట! నీరసానికి ఇంటికొకడు సస్తాడేటే?" అని అరిచేది. పెళ్ళీడు పిల్లలున్నవాళ్ళు ఆమెతో మాటలు మానేశారు. ఆమె చేసిందంతా మంచేనని నేననను.

ఆమెకి కాళ్ళూ మొహమూ పొంగడం మొదలయ్యాక మొదటిసారి ముగ్గురం పలాస ఆసుపత్రికి బయలుదేరిన రోజు, నాన్న ఒక కొబ్బరిబొండాల గెల భుజానికెత్తుకున్నాడు. మావైపు దేవుడి దగ్గరికీ, పసిపిల్లల దగ్గరికీ, డాక్టరు దగ్గరికీ ఉత్త చేతులతో వెళ్ళరు. ఆపేక్షతో మొదలైన అలవాటే. కానీ ఎప్పటినుంచో బొండాలు తెచ్చినవాళ్ళు ముందు లోపలికి వెళ్తున్నారు, తేనివాళ్ళు బల్లమీద కూర్చుంటున్నారు. అత్త ఆ గెల లాగి అరుగు మీద పడేసింది.

"అప్పా, నలుగురూ తెత్తారు. మనం తేకపోతే బాగోదు."

"దణ్ణం దేవుడికెట్టు, డాకటరుకి రోగం సెప్పు. రెండూ కలపకురా తమ్మీ."

ఆసుపత్రిలో చీటీలిచ్చే మనిషి ఆమె చేతుల వంక చూశాడు.

"ఏటమ్మా, ఉత్త సేతుల్తో వొచ్చీసినావు? కవిటిల సెట్లన్నీ ఎండిపోనాయేటి?"

"సెట్లు బాగున్నాయి బాబూ. నానే ఎండిపోతన్నాను. అందుకే వొచ్చినాను."

బల్లమీదవాళ్ళు పకపకా నవ్వారు. అతను నవ్వలేదు. మధ్యాహ్నందాకా మమ్మల్ని లోపలికి పంపలేదు.

డాక్టరుగారు చెడ్డవారు కాదు, అలిసిపోయిన మనిషి. రిపోర్టు చూసి నాన్నతో, "ఆవిణ్ణి కాస్త బయట కూర్చోబెట్టండి" అన్నారు. అత్త కదల్లేదు.

"పాడైనవి నా కిడ్నీలు బాబూ, ఈడివి కావు. ఈడికేటి సెప్తారు?"

"చెప్తే ఏం చేస్తావమ్మా? దీనికిక్కడ వైద్యం లేదు."

"నేదన్న మాటైనా నా మొకం సూసి సెప్పండి."

ఆయన పెన్నుకి మూత పెట్టేశారు. తర్వాత కుర్చీ ఆమెవైపు జరుపుకుని అన్నీ చెప్పారు. రెండు కిడ్నీలూ చాలావరకు పోయాయని, విశాఖ వెళ్ళి యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకోవాలని, కొబ్బరినీళ్ళు ముట్టుకోకూడదని. ఆఖరి మాటకి అత్త నవ్వేసింది.

"కవిటిల పుట్టినదాన్ని కొబ్బరినీల్లు మానీమంటే, సేపని ఒడ్డున ఉండమన్నట్టు కాదేటి!"

ఆయనా నవ్వారు. ఇంటికొచ్చాక దొంగతనంగా తాగుతూనే ఉండేది. నేను పట్టుకుంటే, "గొంతు తడుపుకున్నానే గుంటా, కిడ్నీకి తెలీనీకు" అనేది.

ఆ ఏడాది మా పుస్తకంలో మానవ హక్కుల పాఠం ఉంది. కొత్త మాట దొరికితే నాకు రోజంతా పండగ. "వైద్యం ప్రతి మనిషికీ హక్కు" అన్న వాక్యాన్ని దారంతా నోట్లో చప్పరించుకుంటూ వచ్చి ఆమెకి వినిపించాను. తాడు పేనడం ఆపకుండానే విన్నది.

"బాగుందే. ఆ హక్కు ఏ బస్సుకి దిగుతాదో కూడా రాసినారేటి?"

అప్పుడు నవ్వాను. ఆమెతో విశాఖ రైలెక్కాక నవ్వు రాలేదు. అక్కడ యంత్రం ఖాళీ లేదంటే తువ్వాలు పరుచుకుని వరండాలో పడుకునేది. వంతు వచ్చాక సూదులు గుచ్చించుకుని, తిరుగు రైల్లో వాంతులు చేసుకుంటూ ఇల్లు చేరేది. ఒళ్ళు తేరుకోకముందే మళ్ళీ ప్రయాణం. పుస్తకంలో అందరూ సమానమే. యంత్రానికి పక్కవీధిలో ఉన్నవాళ్ళూ, ఇన్ని స్టేషన్ల ఇవతల ఉన్న మేమూ సమానమే. ఒకసారి హరిశ్చంద్రపురంలో రైలాగినప్పుడు ఆమె కిటికీకి తల ఆనించి, "అబద్దమాడనోడి పేరెట్టుకున్న ఊరిది. ఇక్కడ నిజం సెప్పే గుంటా, దీన్ని బతుకంటారేటి?" అంది.

ఆ తర్వాత ఆమె విశాఖ వెళ్ళలేదు. వైద్యం వద్దనుకుందని ఊరంతా అంది. వద్దనుకోలేదు, అందలేదు. ఈ రెండు మాటల మధ్య తేడా కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఆ ఆదివారం శిబిరానికొచ్చిన పెద్దలకి బొండాలు కావాలన్నారు. బడికి దగ్గర్లో ఉన్నవి అత్త చెట్లే. పైనుంచి కాయలు దబ్బుదబ్బున పడుతుంటే మంచంలో ఆమె కళ్ళు తెరిచింది.

"ఎవలికే?"

"డాక్టర్లొచ్చారత్తా, మన ఊరికే. అందరికీ పరీక్షలు చేస్తారట."

"మల్లీ బొండాలేనా" అంది. ఆఖరి మాట అదే.

పాడె బడి ముందునుంచే వెళ్ళింది. "మీ ఆరోగ్యం మా బాధ్యత" అంటున్న మైకు ఆగింది. స్ట్రాలు గుచ్చిన బొండాలు చేతుల్లో పట్టుకునే అతిథులు లేచి నిలబడ్డారు. మర్యాదగానే నిలబడ్డారు. అవి ఎవరి చెట్టువో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. మేము మలుపు తిరిగేసరికి మైకు మళ్ళీ అందుకుంది.

ఆ రోజు పరీక్షకి రక్తం ఇవ్వనివాళ్ళలో మా నాన్న ఒకడు. చావింటివాళ్ళం కదా అన్నాడు. కానీ కొన్నాళ్ళుగా సాయంత్రమయ్యేసరికి ఆయన పాదాలు పొంగుతున్నాయి. చెప్పు విడిస్తే పట్టీ ముద్ర అలాగే ఉండిపోతోంది. అడిగితే "నీరసం" అంటాడు. నిన్న పెద్దకర్మ అయ్యాక అత్త అరుగు మీద కూర్చుని, పరీక్షకి వెళ్దామన్నాను.

"తెలిసి ఏటి సేత్తామే?"

"ముందు తెలుసుకుంటాం నాన్నా. నీకే చెప్పమందాం."

అత్త చెట్లకేసి చూసి, సరేనన్నాడు.

ఇందాక చూస్తే గుమ్మం పక్కన సంచిలో రెండు బొండాలున్నాయి. నాన్నే నా మొహం చూసి, వాటిని తీసుకెళ్ళి అత్త అరుగు మీద పెట్టి వచ్చాడు.

రేపు పొద్దున్న మొదటి బస్సుకి పలాస వెళ్తున్నాం. డాక్టరుగారు నావైపు చూసి మొదలుపెడితే, నాన్నవైపు చూపిస్తాను. అంతదాకా బల్లమీదే కూర్చుంటాం, ఎంతసేపైనా సరే, నాలుగు చేతులూ ఒళ్ళో ఖాళీగా పెట్టుకుని.