ముగింపు నేను చేర్చిన కీర్తన

ఎవరికీ చెప్పనిది మీకు చెబుతున్నాను. పదేళ్లుగా డైరీ రాస్తున్నాను, అందులోనూ ఇది లేదు. ఏడేళ్లుగా మోస్తున్నాను. చూపులేని ఒక ముసలామెకు దేవుని వాక్యమని నమ్మించి నా సొంత మాటలు వినిపించాను.

తమిళ వైపు ఉన్న పోదనూరు రైల్వే కాలనీలో మా పక్కింటి ఆమె, శాంతవ్వ. ఆమె భర్త ఆంధ్ర వైపు నుంచి వచ్చి రైల్వేలో చేరినవాడు. ఆయన పోయాక ఆయన తెలుగు బైబిలు మిగిలింది, చదివే మనిషి మిగలలేదు. చూపు ఉన్న రోజుల్లోనూ అవ్వకు అక్షరాలు రావు. ఒక్కగానొక్క కొడుకు బైకు మీద నుంచి పడి చనిపోయిన ఏడాది ఆమె నన్ను పిలిచింది. నన్ను ఎప్పుడూ తమిళంలో 'కణ్ణు' అనేది, కన్నా అన్నట్టు.

"నువ్వు తెలుగు బిడ్డవే కదా కణ్ణు. దినానికి ఒక కీర్తన చదివి పెట్టు."

మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం. చదవడం ఎవరికీ రాదు. నాకు బడిలో నేర్పింది తమిళం, ఇంగ్లీషు. రాదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? నలుగురిలో నోరు విప్పలేని నాకు పుస్తకాల పిల్ల అన్న పేరు ఒక్కటే ఉండేది, అదీ పోతుందేమోనని. "సరి అవ్వా" అన్నాను.

బైబిలు ఒళ్లో తెరిచి, దాని మధ్య ఫోను పెట్టుకుని, తమిళ కీర్తనను మా ఇంటి తెలుగులోకి మార్చి చెప్పేదాన్ని. మధ్యమధ్య పేజీ తిప్పిన చప్పుడు కూడా చేసేదాన్ని. "మీ అమ్మ గొంతు స్టేషను దాకా వినిపిస్తాది, నీది పండ్లు దాటి రాదు. గట్టిగా చదువు" అని అవ్వ ఎగతాళి చేసేది. చదవడం అయ్యాక అరచేతులు చాచి దేవుడితో పోట్లాడేది. నా బిడ్డను ఎందుకు ఎత్తుకున్నావు, చెప్పు, అని. మా ఇంట్లో దేవుడికి దీపం పెడతాం, దండం పెడతాం. ఇంత దగ్గరగా కూర్చోబెట్టుకుని నిలదీయడం నేనెప్పుడూ వినలేదు. నా విశ్వాసం అక్కడే మొదలైంది. అబద్ధం చెబుతున్న ఆ గదిలోనే. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకరోజు ఎనభై ఎనిమిదో కీర్తన వచ్చింది. మొదటి నుంచీ ఏడుపే. చివరికైనా ఓదార్పు వస్తుందని ఎదురుచూస్తూ చెప్పుకుపోయాను. రాలేదు. చీకటి అన్న మాటతో ఆగిపోయింది. ఎదురుగా అవ్వ మొహం. నాకు భయమేసింది. తెల్లవారిందనీ, దేవుడు కన్నీళ్లు తుడిచాడనీ నేనే రెండు వాక్యాలు చేర్చి చెప్పాను.

అవ్వ అరచేతులు చాచబోయి, మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"ఆ కీర్తన రాసినవానికి కడకు తెల్లారింది చూడు. నాకే తెల్లారలేదు. నా విశ్వాసంలోనే ఏదో కొరత ఉండాది కణ్ణు."

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ రోజు నుంచి అవ్వ దేవుణ్ణి ఏమీ అడగలేదు. కొడుకు పేరు ఎత్తలేదు. 'స్తోత్రం' అని చేతులు ముడుచుకునేది, అంతే. ఓదార్చాననుకున్నాను. నిజానికి ఆమెకు మిగిలిన ఒక్క పోట్లాటనూ లాక్కున్నాను.

కొన్నాళ్లకు అవ్వ కూతురు వచ్చి ఆమెను తను ఉండే ఊరికి, తమిళ వైపే ఉన్న కంబానికి తీసుకెళ్లింది. "చదివేది నువ్వే కదా" అని అవ్వ బైబిలు నాకు ఇచ్చేసింది. ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. ఫోనులో వీడియోలు చూస్తూ అ, ఆలు దిద్దాను. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, ఆ కీర్తన దగ్గరికి చేరేసరికి ఆరు నెలలు పట్టింది. అదే చీకటి. అప్పుడు తోచింది: ఎవరో తెల్లవారకుండానే చేసిన ప్రార్థన ఇది, దీన్ని ఎవరూ సరిదిద్దలేదు, కొట్టేయలేదు, దేవుడు తన పుస్తకంలోనే ఉండనిచ్చాడు. సరిదిద్దింది నేను ఒక్కదాన్నే. ఆయన వినగలిగినదాన్ని నేను వినలేకపోయాను. ఇప్పుడు ఏ వాక్యం చదివినా, అక్కడ లేనిది నేను కలుపుతున్నానా అని ఆగి చూసుకుంటాను. ఈ అలవాటు నాకు అవ్వ పెట్టిన భిక్ష.

బైబిలు పట్టుకుని కంబం వెళ్లాను. ద్రాక్ష తోటల పక్కన చిన్న ఇల్లు. ఒప్పుకోవాలనే వెళ్లాను. నోరు రాలేదు. ఆ కీర్తనే తెరిచి చదివాను, ఈసారి నిజంగా, ప్రతి మాట దగ్గరా తడబడుతూ. చీకటి దగ్గర ఆపేశాను.

"అంతేనా? తెల్లారలేదా?" అంది అవ్వ.

"అంతే అవ్వా."

ఆమె అరచేతులు మెల్లగా చాచింది. ఎన్నాళ్ల తర్వాతో కొడుకును పేరు పెట్టి పిలిచి, ఎందుకు, అని అడిగింది. గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మోసం సంగతి మాత్రం చెప్పలేదు. ఆ వానాకాలంలోనే ఆమె పోయింది, ఇక చెప్పడానికి మనిషి లేదు. అందుకే మీకు చెబుతున్నాను. క్షమించమని కాదు. రాశాక ఊపిరి కాస్త లోపలి దాకా పోతోంది.

ఆ రోజు బస్సుకు లేచినప్పుడు అవ్వ నా చేయి పట్టుకుని అన్న మాట ఇది:

"అప్పుడు గడగడా చదివేదానివి కదా కణ్ణు, ఇప్పుడు ఏమిటికి ఇట్ల తడుముకుంటా ఉండావు? ఊరికి పోతానే డాక్టరుకు కండ్లు చూపించుకో."