లీకు మాత్రం నాది

అమెరికాలో, నోవై అనే ఊళ్ళో, మా ఇంటి గరాజ్‌లో రెండు శీతాకాలాలు కూర్చుని నేనొక కారు కట్టాను. పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చే కిట్ కారు. ఇనుప గొట్టాల చట్రం, ఫైబర్‌గ్లాస్ బాడీ, లావుపాటి మాన్యువల్ కంపెనీవాళ్ళు పంపారు. ఇంజన్, గేర్‌బాక్స్ మాత్రం యాక్సిడెంట్‌లో నుజ్జయిన ఒక పాత కారులోంచి నేనే విప్పి తెచ్చుకున్నాను. ఆఫీసులో నా పని బ్రేకులకి సాఫ్ట్‌వేర్ రాయడం. ఏళ్ళ తరబడి బ్రేకుల గురించే ఆలోచిస్తున్నా, ఒక్క బ్రేక్ గొట్టాన్నైనా నా చేత్తో వంచలేదన్న వెలితి ఉండేది. బయట మంచు కురుస్తుంటే, పక్కన చిన్న హీటర్ పెట్టుకుని, వేళ్ళు కొంకర్లు పోతున్నా వంచడం నేర్చుకున్నాను. మొదటి మూడు గొట్టాలూ పాడుచేశాను.

మా ఆయనకి కార్ల మీద ఆసక్తి లేదు. డేటాబేస్‌ల మనిషి. బాడీని చట్రం మీదికి దించిన రోజు ఒక మూల పట్టుకున్నాడు. నేను తిండి మరిచిపోయిన రోజుల్లో దోసెలు పోసి గరాజ్‌కే తెచ్చిచ్చాడు. అందుకు నాకు కృతజ్ఞత ఉంది. కానీ ఆ కారుకి ఆయన ఒక్క నట్టు కూడా బిగించలేదు.

జూన్‌లో ఒక శనివారం, ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని నడుపుకోనిచ్చే రేస్ ట్రాక్ ఒకదానికి, అద్దె ట్రెయిలర్ మీద కారెక్కించి తీసుకెళ్ళాం. ట్రాక్ మీదికి వదిలేముందు ప్రతి కారునీ తనిఖీ చేస్తారు. చేసేది అరవై దాటిన ఒక అమెరికన్ పెద్దమనిషి. నేను హెల్మెట్ చంకలో పెట్టుకుని కారు పక్కనే నిలబడ్డాను. ఆయన నన్ను దాటుకుని వెళ్ళి మా ఆయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

"బ్యూటిఫుల్ కార్, సర్. వెనక చక్రాల హబ్ నట్లు ఎంత టార్క్‌కి బిగించారు?"

మా ఆయన నా వైపు చూశాడు. ఎంత బలంతో బిగించానో నేను చెప్పాను. పెద్దమనిషి అది రాసుకుని, బ్యాటరీని దేనితో బిగించారని మళ్ళీ మా ఆయననే అడిగాడు. మళ్ళీ నేనే చెప్పాను. అలా ప్రశ్నలన్నీ ఆయనకి, జవాబులన్నీ నావి. ఆఖరికి, ఎన్నాళ్ళు పట్టిందని అడిగాడు.

"టూ వింటర్స్. వుయ్ టుక్ అవర్ టైమ్," అన్నాడు మా ఆయన, నవ్వుతూ.

వుయ్! ఆ ముసలాయన మీద వచ్చిన కోపం ఒక ఎత్తు, ఆ ఒక్క మాటకి వచ్చిన కోపం ఒక ఎత్తు. కానీ నా సెషన్‌కి పిలుపు వచ్చింది. హెల్మెట్ పెట్టుకుని కారులో కూర్చున్నాను.

కొత్తవాళ్ళ పక్కన ఒక ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటాడు. మొదటి రెండు రౌండ్లు నెమ్మదిగా తిప్పాను. మూడో రౌండ్‌లో ఆయన "నౌ గో" అన్నాడు. రోడ్డు నా నడుముకి జానెడు కింద పరుగెత్తింది. నేను తిప్పిన వైపుకల్లా కారు తిరిగింది. కోపం, గరాజ్, ఆఫీసు అన్నీ మరిచిపోయి గట్టిగా అరిచాను. అయిదో రౌండ్‌లో మలుపు ముందు బ్రేక్ నొక్కితే పెడల్ మెత్తగా లోపలికి పోయింది. గేర్లు దించుకుంటూ, చెయ్యి బయటపెట్టి సైగ చేస్తూ, మెల్లగా ట్రాక్ దిగి బయటికి తీసుకొచ్చేశాను.

వెనక ఎడమ చక్రం దగ్గర, బ్రేక్ గొట్టం కలిసే చోట, ఫ్లూయిడ్ కారిన తడి. అక్కడ నేనే సరిగ్గా బిగించలేదు. ఆ తప్పు నాదే, సందేహం లేదు. తనిఖీ పెద్దమనిషి వచ్చి వంగి చూశాడు. లేచి, మా ఆయన భుజం తట్టాడు.

"నెక్స్ట్ టైమ్ ఆవిడ చేసిన పని ఒకసారి డబుల్ చెక్ చేసుకోండి, సర్."

పొద్దుట్నించీ ఆ పెద్దమనిషి లెక్కలో ఆ కారు మా ఆయన కట్టింది. లీకు కనబడేసరికి అది నా పని అయిపోయింది.

"ఆ జాయింట్ నేను బిగించిందే," అన్నాను ఇంగ్లీషులో. "ఈ కారులో ప్రతి జాయింటూ నేను బిగించిందే. మీరు బ్యూటిఫుల్ అన్నది కూడా నేను కట్టిన కారునే."

ఆయన "ఓకే, ఓకే" అంటూ వెళ్ళిపోయాడు. నేను మా ఆయన వైపు తిరిగాను.

"వుయ్ ఏంటి? నువ్వేం చేశావని?"

"అబ్బా, ఏదో ఫ్లోలో అనేశానే. పెద్దాయన కదా, అక్కడ కరెక్ట్ చేస్తే బావుండదని..."

"నీకు మొహమాటమైతే నా రెండేళ్ళ కష్టం ఇచ్చేస్తావా?"

ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. "ఇప్పుడు నేనేం చెయ్యాలి చెప్పు," అన్నాడు.

జాయింట్ బిగించాక, బ్రేక్ గొట్టాల్లో చేరిన గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఆయన్ని బ్రేక్ పెడల్ తొక్కడానికి సీట్లో కూర్చోబెట్టి నేను చక్రం దగ్గర నేల మీద పడుకున్నాను. "నొక్కు... పట్టుకో... ఇప్పుడు వదులు." చెప్పినట్టల్లా చేశాడు. పెద్దమనిషి మళ్ళీ వచ్చి, ఈసారి నన్నే పెడల్ తొక్కమని చెప్పి, లీకు ఆగిందో లేదో చూసి, కారు మీద పాసైనట్టు స్టిక్కర్ అంటించాడు. సారీ మాత్రం చెప్పలేదు. సాయంత్రం ఆఖరి సెషన్ మొత్తం నడిపాను. పెడల్ రాయిలా నిలబడింది.

పై వారం మా ఇంటికి నాలుగు కుటుంబాలు భోజనానికొచ్చాయి. ఒకాయన మా ఆయనతో, "కారు కట్టారట కదండీ! మాక్కూడా కొంచెం గైడ్ చెయ్యండి," అన్నాడు.

"నేను కాదండీ, మొత్తం తనే కట్టింది. నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కూడా రాదు," అన్నాడు మా ఆయన, అందరికీ వినబడేలా.

అడిగినాయన పకపకా నవ్వాడు. "మీరు మరీ మాడెస్ట్ అండీ!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "అన్నయ్యగారూ, ఇలా రండి," అని పళ్ళెంతో సహా ఆయన్ని గరాజ్‌లోకి తీసుకెళ్ళాను. ఇంజన్ బిగించడం దగ్గర మొదలుపెట్టి, ఆ లీకైన జాయింట్‌తో సహా, ఏదీ వదలకుండా చెప్పాను. ఆయన బిర్యానీ చల్లారిపోయింది. నేను ఆపలేదు.