సర్వర్ మీద కర్చీఫ్

బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో మా ఆఫీసు. రైతులు మిరపపూత ఫోటో తీసి పంపితే, అందులో నల్ల తామర పురుగు ఉందో లేదో మా కంప్యూటరు చూసి, ఏ మందు కొట్టాలో సాయంత్రంలోగా ఫోనుకు మెసేజీ పెడుతుంది. జవాబు వచ్చేదాకా ఏ మందూ కొట్టవద్దని మేమే చెప్పాం. ఊరూరా మీటింగులు పెట్టి మరీ చెప్పాం.

మొదట్లో నలుగురం, ఒక సర్వర్. ఎవరికి కావాలన్నా "ఏరా, అయిందా?" అని పక్క కుర్చీ వైపు అరిస్తే సరిపోయేది. తర్వాత పత్తి టీమొచ్చింది, ధరల టీమొచ్చింది, వానల టీమొచ్చింది. చివరికి ఈ టీములన్నిటినీ చూసుకోవడానికి ఇంకో టీమొచ్చింది. అది ఏం చేసేదో నాకు ఈనాటికీ తెలియదు. అందరికీ కలిపి సర్వర్ మాత్రం అదే. పేరు గొప్పగా ఉంటే మెమరీ పెరుగుతుందన్నట్టు, దాన్ని 'డేటా సైన్స్ ప్లాట్‌ఫాం' అనడం మొదలుపెట్టారు. దానికి కాపలాదారుణ్ణి నేను.

బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకోవడం మనవాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. ఎన్ని డిగ్రీలు చదివినా అది పోదు. మావాళ్ళు పొద్దున్నే వచ్చి, అప్పటికి తమకు అక్కర్లేని డేటా అంతా మెమరీలోకి ఎక్కించి, తీరిగ్గా ఇడ్లీ తినడానికి కిందికి దిగేవాళ్ళు. అడిగితే, "మధ్యాహ్నం పనుందండీ, అప్పుడు దొరకదని" అనేవాళ్ళు. అరగంట పని చేయనివాళ్ళను సర్వరే బయటికి తోసేసేలా రూలు పెట్టాను. రెండు రోజులు ఏడ్చారు. మూడో రోజుకల్లా, ఇరవై నిమిషాలకోసారి ఒకటీ ఒకటీ కూడి పని చేస్తున్నట్టు నటించే చిన్న ప్రోగ్రాము తయారైంది. ధరల టీములో పుట్టి, సాయంత్రానికి ఆఫీసంతా పాకింది. రేపు మిరప ధర ఎలా ఉంటుందో వాళ్ళు ఏనాడూ సరిగ్గా చెప్పలేదు కానీ, ఈ ప్రోగ్రాములో మాత్రం ఒక్క తప్పూ లేదు.

రెండో సర్వర్ కొన్నారు. కొబ్బరికాయ కొట్టిన వారానికే అదీ నిండింది.

నేను సెలవులో ఉన్న ఒక వారంలో, ప్రకాశం వైపు పల్లె నుంచి ఒక పెద్దావిడ పూత ఫోటో పంపింది. ఎకరన్నర కౌలు చేను ఆమెది. ఫోటోలు చూడాల్సిన ప్రోగ్రాముకు సర్వర్‌లో చోటు దొరక్క, ఆ వారం వచ్చినవన్నీ వరుసలో ఆగిపోయాయి. ఆమె మేం చెప్పినట్టే మందు కొట్టకుండా ఆగింది. మా జవాబు ఐదో రోజున వెళ్ళింది. అప్పటికి పూతంతా రాలిపోయింది.

సెలవు నుంచి వచ్చాక, ఆ వారం చోటు ఎవరు పట్టుకున్నారో చూద్దామని మండిపడుతూ జాబితా తెరిచాను. ధరల టీములో ఎవడో ఒకడు దొరుకుతాడని నాలుగు మాటలు ముందే సిద్ధం చేసుకున్నాను కూడా. అందరికంటే పైన ఉన్నది నా పేరే. సెలవుకు వెళ్తూ మొదలుపెట్టి మరిచిపోయిన పని అది. అరగంట రూలు నాకు వర్తించకుండా నేనే మినహాయింపు ఇచ్చుకున్నాను, కాపలావాణ్ణి కదా! సిగ్గుతో చచ్చిపోయాను.

చచ్చిపోయినవాణ్ణి మర్నాడు మీటింగుకు మాత్రం వెళ్ళాను. టీములు పెరుగుతున్నాయి కాబట్టి మూడో సర్వర్ కావాలని మా పెద్దాయన తేల్చారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. జాబితా సంగతి ఎవరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం ఆమెకు నేనే ఫోన్ చేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీ మెసేజీ వచ్చింది బాబూ. చేను దున్నేశాం" అంది. మళ్ళీ తనే, "మాదే ఆలస్యమైనట్టుంది. వచ్చే ఏడు ఫోటో ఇంకో నాలుగు రోజులు ముందు పంపమంటారా?" అని అడిగింది.

"పంపండమ్మా" అన్నాను.