మీటరు చెప్పిన మాట

కమలాపురం దాటాక వచ్చే ఒక ఊళ్లో, నీళ్ల ట్యాంకు దగ్గర సుందరలక్ష్మి పనిచేసేది. ఫిల్టర్లు కడిగించడం, మోటార్లు చూసుకోవడం, నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూపే మీటరును నెలనెలా సరిచేయడం ఆమె పని. భర్త పోయాక ఆ ఉద్యోగంతోనే నిలదొక్కుకుంది. ఎండాకాలం వస్తే వాంతులు విరేచనాలతో మంచం పట్టే వీధులు ఆమె వచ్చాక తెరిపిన పడ్డాయి. నీళ్ల విషయంలో ఆమె మాటకు ఊళ్లో తిరుగు లేదు.

మీటరు సరిచేయాలంటే సీసాలో కుళాయి నీళ్లు పట్టి పరీక్ష పొడి కలపాలి. క్లోరిన్ ఉంటే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. రంగు ఎంత ముదిరితే క్లోరిన్ అంత ఎక్కువ. దానికి తగ్గట్టు మీటరులో అంకె మారిస్తే, మందు కలిపే పంపు ఆ అంకెను బట్టి నడుస్తుంది.

ఆ వేసవిలో పొడికి గడువు తీరి, చెమ్మ తగిలి గడ్డకట్టింది. కడప నుంచి కొత్తది రాలేదు. మర్నాడే ఇంజనీరు తనిఖీ. ‘ఈ ఒక్కసారికి కానీలే’ అనుకుని ఆ గడ్డనే చిదిమి వేసింది. రంగు పల్చగా వచ్చింది. తనకే నమ్మకం కుదరలేదు. అయినా మీటరును ఆ రంగుకే దించేసింది. నీళ్లలో క్లోరిన్ చాలలేదనుకుని పంపు మందు ఎక్కువ పోయసాగింది.

ఇళ్లలో నీళ్లు బిందెలకు పట్టి ఉంచుకుంటారు గనుక వాసన ఎగిరిపోయి అంతగా తెలియలేదు. బస్టాండు దగ్గర టీ అంగడి జీవమ్మ మాత్రం కుళాయి నీళ్లు పట్టినవి పట్టినట్టే పొయ్యి మీద పెడుతుంది. ఒకరోజు ఆమె ట్యాంకు దగ్గరికి వచ్చింది.

"సుందరమ్మా, టీ అంతా మందు కంపు కొడతాండాది. నీళ్లలో ఏమన్నా ఎక్కువైందా?"

సుందరలక్ష్మి మీటరు చూసింది. ఉండాల్సిన అంకే ఉంది. పాత పొడి సంగతి మనసులో మెదిలినా దాన్ని అక్కడే నొక్కేసింది.

"నీళ్లు బాగానే ఉండాయక్కా. ఇదో, మీటరే చెప్తాండాది."

"అట్లయితే నాకు పాలు పోసే తిమ్మన్న పాలే. క్యాన్లు బ్లీచింగు పొడేసి కడగతాండారేమో."

సుందరలక్ష్మి కాదనలేదు.

జీవమ్మ తిమ్మన్న పాలు మానేసింది. ఆ మాట పాకి వాడుక ఇళ్లవాళ్లూ వద్దన్నారు. పాలు మిగిలిపోతుంటే మేత కొనలేక అతను ఒక బర్రెను సంతలో అమ్మేశాడు.

తర్వాత కొత్త పొడి వచ్చింది. కలపగానే సీసాలో నీళ్లు ముదురు గులాబీకి తిరిగాయి. సుందరలక్ష్మి మళ్లీ పట్టి చూసింది. అదే రంగు. మీటరు సరిచేసి, ఇంజనీరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పి, చీవాట్లు తిని, తిన్నగా టీ అంగడికి నడిచింది.

"అయ్యో తల్లీ! ఆయప్ప మీద ఊరికే నోరు పారేసుకుంటినే!" అని జీవమ్మ తల పట్టుకుంది.

అక్కడి నుంచి సుందరలక్ష్మి తిమ్మన్న ఇంటికి వెళ్లింది. అతను వాకిట్లోనే ఉన్నాడు. అంతా విని లోపలికి చెయ్యి చూపించాడు.

"ఆ మాట నాకు కాదమ్మా, లోపల నా పెండ్లాం సుబ్బరత్నమ్మకు చెప్పు. క్యాన్లు కడిగేది ఆమే. బాగానే కడగతాండానని మొత్తుకున్నా నేను ఇనలేదు. నలుగురిలో తిడితిని."

సుబ్బరత్నమ్మ శనక్కాయలు ఒలుస్తోంది. సుందరలక్ష్మి ఏదీ దాచకుండా చెప్పింది.

"పొడి పనికిరాదని నీకు తెల్సునా?" అని అడిగింది సుబ్బరత్నమ్మ.

"తెల్సు."

"తెల్సి నోరు మూసుకున్నావు. నేను తెరిచి చెప్తే ఒక్కరూ నమ్మలేదు." ఆ మాట అని, మళ్లీ కాయల మీదికి వంగింది.

జీవమ్మ స్వయంగా వెళ్లి తిమ్మన్నను పిలుచుకుంది. ఇళ్లవాళ్లూ ఒక్కొక్కరే మళ్లీ పాలు పోయించుకుంటున్నారు. అమ్మిన బర్రె కోసం సుందరలక్ష్మి తెలిసినవాళ్లందరినీ అడిగింది. కొన్నవాళ్లు బద్వేలు వైపు తోలుకుపోయారన్నారు, అంతకు మించి జాడ తెలియలేదు. దారిలో సుబ్బరత్నమ్మ ఎదురైతే సుందరలక్ష్మే ముందు పలకరిస్తుంది. ఆమె పలకదు. ఆమె పలకాలని సుందరలక్ష్మి కూడా ఆశించదు.