ఒకే పేరు కింద ఇద్దరం

తాతయ్య హాస్య రచయిత అని ఆయన పోయిన కొన్నాళ్ళకు తెలిసింది. నేను పనిచేసే విజయవాడ కాలేజీ లైబ్రరీ కంప్యూటర్లో ఆయన పేరు కొడితే రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి చెరకు తెగుళ్ళ మీద ఆయన రాసింది. రెండోది పెళ్ళిళ్ళ మీద జోకుల పుస్తకం, నేను రాసింది. మా ఇళ్ళల్లో మొదటి మనవడికి తాత పేరు పెడతారు. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. తాతయ్య ఉయ్యూరులో షుగర్ ఫ్యాక్టరీ తరఫున చేల వెంట తిరిగే ఫీల్డ్‌మ్యాన్. బతికుండగా ఒక్క జోకు వేసిన పాపాన పోలేదు.

తప్పు కంప్యూటరుది కాదు. పాత కేటలాగు నిబంధనల ప్రకారం ఒకే పేరుతో ఇద్దరు రచయితలుండి, ఎవరు ఎవరో తేలకపోతే ఇద్దర్నీ ఒకే పేరు కింద ఉంచేయొచ్చు. నా పుస్తకం ఎక్కించినవాళ్ళు అదే చేశారు. అప్పటికి నేనిక్కడ చేరలేదు. ఇప్పుడు కొత్త నిబంధనలు వచ్చాయి. మనిషికో ఖాతా ఉండాలి, తేడా తెలిసేలా పేరు పక్కన సాధారణంగా పుట్టిన సంవత్సరం వేయాలి. ఒకే పేరున్నవాళ్ళను విడగొట్టే ఆ పని నాకు పడింది.

"మీ తాతగారి పుట్టిన సంవత్సరం కనుక్కోండి, నిమిషం పని" అన్నారు లైబ్రేరియన్ మేడమ్. "సెలవు నుంచి వచ్చీ రాగానే మీకే తగిలింది. ఏమీ అనుకోకండి."

అనుకోవడానికి నాలో ఏమీ లేదు. పన్ను పీకే ముందు డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక దవడ ఎలా ఉంటుందో, అంత్యక్రియల నాటి నుంచి ఒళ్ళంతా అలా ఉంది. ఆ రోజు కూడా షామియానా అతనితో కుర్చీల గురించి మాట్లాడుతూ గడిపేశాను.

ఆదివారం కంకిపాడులో ఇంటికి వెళ్తే అక్కడా అదే ప్రశ్న. సమాధి రాయి చెక్కే మేస్త్రీ పుట్టిన ఏడు అడుగుతున్నాడు. జ్ఞాపకార్థ కూడికకు రాయి నిలబెట్టాలి.

"సర్టిఫికెట్లో ఉందిగా, అదే వేయిద్దాం" అన్నాడు నాన్న.

నానమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "ఏ సర్టిఫికెట్టురా? చెయ్యి తలమీంచి అవతలి చెవికి అందిందని బళ్ళో అయ్యవారు అయిదేళ్ళు రాసేసిన సర్టిఫికెట్టా?"

"దాని ప్రకారమేగా అమ్మా రిటైర్ చేసింది."

"ఫ్యాక్టరీకి ఏం పోయింది? దాని ప్రకారం ఆయన నాకంటే రెండేళ్ళు చిన్న. నాదేమో మా నాన్న ఇంటి దూలం మీద తారుతో రాయించాడు, చెరపడానికి లేదు. పువ్వులు పట్టుకొచ్చిన ప్రతి ఆడదీ అక్కడ నిలబడి లెక్కలు కడుతుంది. మొగుడికంటే పెద్దదని ఇన్నేళ్ళూ ఎవరిచేతా అనిపించుకోలేదు. ఇప్పుడు రాయి మీద చెక్కిస్తారా?"

"అసలు తాతయ్య నీకంటే ఎంత పెద్ద నానమ్మా?"

"మూడేళ్ళు పెద్దన్నారు పెళ్ళిచూపులప్పుడు."

"ఎవరన్నారు?"

"పెళ్ళి చెయ్యాలనుకున్నోళ్ళు."

పాస్టరుగారికి ఫోన్ చేస్తే, ఆ కాలపు బాప్తిస్మాల రిజిస్టరుకు చెదలు పట్టాయన్నారు. నాన్న నా వైపు తిరిగాడు. "ఏరా, నీ ఉద్యోగమే ఇదిగా. ఇలాంటప్పుడు మీరేం చేస్తారు?"

నా ఉద్యోగం ఇంట్లో పనికొచ్చిన మొదటి సందర్భం ఇదే.

"పాత రూల్ అయితే ఏడు పక్కన ప్రశ్నార్థకం పెట్టేవాళ్ళం."

"సమాధి మీద ప్రశ్నార్థకమా? ఆయన పుట్టాడో లేదోనని అనుమానమా?" అన్నాడు నాన్న.

"కొత్త రూల్లో తెలియని ఏడు బలవంతాన రాయక్కర్లేదు. మనిషి చేసిన పని వేసి గుర్తుపట్టించొచ్చు."

"అయితే ఫీల్డ్‌మ్యాన్ అని వేయించు" అంది నానమ్మ వెంటనే. "అది మాత్రం ఎవరూ కాదనలేరు."

"రాయి మీద ఉద్యోగమేంట్రా, విజిటింగ్ కార్డులాగా" అని గొణుక్కుంటూనే నాన్న మేస్త్రీకి ఫోన్ కలిపాడు.

మర్నాడు లైబ్రరీలో తాతయ్యకు ఆయన వృత్తి, నాకు నా పుట్టిన ఏడు వేసి ఇద్దర్నీ విడగొట్టాను. జోకుల పుస్తకం ఆయన పేరు కింద నుంచి మాయమైంది. ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని కాసేపు తెర చూస్తూ కూర్చున్నాను.

"అయిపోయిందా అండీ?" అన్నారు మేడమ్.

"అయిపోయిందండీ" అన్నాను.

కూడిక రోజు రాయి మీద ఆయన పేరు, ఫీల్డ్‌మ్యాన్ అన్న మాట, పోయిన తేదీ ఉన్నాయి. బంధువులు ఒకరిద్దరు పుట్టిన ఏడు కోసం వెతికి, అడగడానికి మొహమాటపడి ఊరుకున్నారు. నానమ్మ తృప్తిగా చూసింది.

"నాక్కూడా ఏడు వేయించకండి" అంది. "లేకపోతే పక్కపక్కన పెట్టి చూస్తారు."

"మరి నీకేం వేయించాలి నానమ్మా?"

ఆమె ఆలోచించింది. నాన్న కూడా ఆలోచించాడు. వంట, గేదెలు, నలుగురు పిల్లలు, తాతయ్య మోకాళ్ళకు కాపడం. వీటికి రాయి మీద పట్టే ఒక్క మాట మా ముగ్గురికీ దొరకలేదు.

"నువ్వే చూడు" అంది. "నీ ఉద్యోగమేగా."

అలాగేనన్నాను. ఆటో అతను హారన్ కొడుతున్నాడు. నానమ్మను మధ్యలో కూర్చోబెట్టుకుని ఇంటికి వచ్చేశాం.