మా గోడమీద నేను రాసిన తేదీ

నిన్న పొద్దున తుఫాను వాన కాస్త తెరిపి ఇవ్వగానే ఆరోగ్యశాఖ అమ్మాయి ఒకతె మా ఇంటికి వచ్చి, మేడమీది ట్యాంకుకు మూత ఉందా, పూలకుండీల కింద పళ్లాల్లో నీళ్లు నిలిచాయా అని చూసి, ఫోనులో ఫోటో తీసుకుని వెళ్లింది. ఆమె వీధి మలుపు తిరిగాక కూడా నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. పెళ్లికి ముందు ఆ పనిలో చేరి, ముప్పై ఏళ్లకు పైగా అదే చేసినదాన్ని నేను.

నా ఈడువాళ్లు, మా అనంతపురం వైపు పుట్టినవాళ్లు అయితే, మీకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. సముద్రం పక్కవాళ్లు తుఫాను తప్పిపోవాలని మొక్కుకుంటుంటే, మేం అది ఎలాగైనా తీరం దాటి మా దాకా రావాలని మొక్కుకునేవాళ్లం. ఆ రెండు మూడు రోజుల ముసురే మాకు ఏడాది మొత్తం మీద దక్కే వాన కాబట్టి, చూరు కింద బిందెలు, గంగాళాలు, చివరికి పిల్లలు అన్నం తినే గిన్నెలు కూడా పెట్టి నీళ్లు పట్టుకునేవాళ్లం. ఆ తర్వాత వారానికి దోమలు, మరి కొన్నాళ్లకు జ్వరాలు. నా ఉద్యోగమల్లా ఇంటింటికీ వెళ్లి ఆ పట్టుకున్న నీళ్లను పారబోయించడం, పారబోశాక గుమ్మం పక్క గోడమీద ఎర్రరంగుతో తేదీ రాయడం. తెలిసిన మొహమైతే మాట వింటారని బత్తలపల్లి దగ్గరి మా ఊరే నాకు ముందు ఇచ్చారు. తెలిసిన మొహాన్ని తిట్టడం ఇంకా సులువని వాళ్లకు తెలియదు. "ఏమ్మా, దేవుడిచ్చిన నీళ్లు నేలపాలు చేసేదానికి సర్కారు నీకు జీతమిస్తాండాదా?" అని ఆడవాళ్లు నిలదీసేవారు. నేనూ తక్కువదాన్నేం కాదు, కొంగు బిగించి నా చేత్తోనే తొట్లు వంచేసేదాన్ని.

మా నాయన పట్టుచీరలు నేసేవాడు. గుంతమగ్గం ఉన్న గదిలోనే ఒక మూల అమ్మ రాతితొట్టి నిండా వాననీళ్లు పట్టి, పైన గోనెపట్ట కప్పింది. మా ఇంటి వంతు వచ్చిన రోజు నేను పట్ట ఎత్తి చూస్తే నీళ్లలో దోమపిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఇదొక్కటి ఉండనీమ్మా. బోరునీళ్లల్లో పప్పు యాడ ఉడుకుతాది? మీ నాయనకు పండ్లు లేవు, మెత్తగా లేకుంటే తినలేడు. గుడ్డతో వడగట్టుకుంటాలే."

అమ్మ అంతవరకు నన్ను ఏదీ అడిగి ఎరగదు. నేను పట్ట దించేసి, బయటికి వచ్చి, అందరి గోడలమీద రాసినట్టే మా గోడమీదా తేదీ రాశాను.

మా చెల్లెలు ఆ తొట్టి పక్కనే కూర్చుని రోజంతా రాట్నం మీద కండెలకు దారం చుట్టేది. పొగకు జరీ నల్లబడుతుందని మగ్గం గదిలో వేపాకు పొగ వేసే అలవాటు కూడా మాకు లేదు. "నీ దోమలకు నేనంటేనే ఇష్టమక్కా" అని కాళ్లు చరుచుకుంటూ నవ్వేది. అయినా నేను మళ్లీ ఆ పట్ట ఎత్తలేదు.

నెల తిరిగేసరికి దానికి చలిజ్వరం వచ్చింది. వేలు గుచ్చి గాజుపలక మీద రక్తపుచుక్క తీసినదీ నేనే. పరీక్ష ఫలితం వచ్చేలోపే జ్వరం తలకెక్కింది. అనంతపురం పెద్దాసుపత్రిలో చేర్చిన మూడోనాడు పోయింది. దానికి పదహారేళ్లు.

నాకు ఏడుపు రాలేదు. ఎవరింట్లోనో జరుగుతున్నట్టు అన్నీ చూస్తూ కూర్చున్నాను. మా పైఅధికారి వచ్చి గోనెపట్ట ఎత్తి చూసి, గోడమీది నా రాత చూసి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. నేను తొట్లు వంచేసిన ఇళ్ల ఆడవాళ్లందరూ వచ్చి అమ్మ చుట్టూ కూర్చున్నారు. ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. "అడిగింది నేను కదమ్మా" అని అమ్మ మాత్రం ఒకసారి అంది, ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ మాట ఎత్తలేదు.

మరుసటి ఏడు తుఫాను వాన పట్టినప్పుడు వీధి వీధంతా బిందెలు పట్టుకుని చూరు కిందికి పరుగెత్తింది. అమ్మ ఒక్క గిన్నె కూడా బయట పెట్టలేదు. మా చూరు నుంచి కారిన నీళ్లు వీధిలోకి పోతుంటే అమ్మ, నాయన, నేను గుమ్మంలో నిలబడి చూశాం.

ఆ తర్వాత నేను ఎవరు బతిమాలినా వినలేదు. రాతిగుండె మనిషి అన్నారు, కాదనలేదు. ఇప్పుడు మా వైపు వానలూ కాస్త మెరుగు, ఇంటింటికీ కుళాయిలు వచ్చాయి, రాతితొట్టి ఉన్న ఇల్లు వెతికినా కనబడదు. నాలుగు చినుకులు పడితే చాలు, వీధిలో చిన్నా పెద్దా బయటికొచ్చి తడుస్తారు. పక్కింటావిడ నన్నూ రమ్మని కేకేస్తుంది. వస్తున్నానంటాను, వెళ్లను. వానను చూసి సంతోషపడడం ఎవరూ నేర్పనక్కరలేని నేలమీద పుట్టాను, కానీ మా చెల్లెలు పోయిన నాటినుంచి ఆ సంతోషం నాకు ఒక్కసారీ రాలేదు.