సాయవ్వత్త సత్తు పళ్లెం

మొన్న బాన్సువాడ దవాఖానలో ఎవరో నేల తుడుస్తుంటే ఫినాయిల్ వాసన తగిలింది. అందరికీ రోగాన్ని గుర్తుచేసే ఆ వాసన నాకు మాత్రం మా సాయవ్వత్తను, ఆమె రేకు పెట్టెను గుర్తుచేస్తుంది.

సాయవ్వత్త మా బాపుకు చెల్లెలు. పురిట్లోనే బిడ్డ పోయి మనసు చెదిరితే, అత్తింటివాళ్లు ఆమెను పట్నంలో పిచ్చి దవాఖానలో చేర్పించి మళ్లీ తొంగి చూడలేదు. నయమైందని కబురొస్తే తాత వెళ్లి తీసుకొచ్చాడు. వరి పొట్టకొచ్చి, బతుకమ్మ కోసం వాకిళ్లలో గునుగు పూలకు రంగులద్ది ఆరబోస్తున్న రోజులవి. ఫినాయిల్ వాసన కొట్టే ఆమె రేకు పెట్టెలో అక్కడి మగ్గం మీద తానే నేసిన చారల దుప్పటి, పళ్లు అరిగిన దువ్వెన, అంచున నంబరు కొట్టిన సత్తు పళ్లెం ఉన్నాయి. పళ్లెం వదలనని ఏడిస్తే అక్కడి ఆయమ్మ పోనీలెమ్మని ఇచ్చేసిందట.

అన్నం ఉడికిన వాసన రాగానే అత్త, దవాఖానలో వరసకు నిలబడ్డ అలవాటు పోక, పళ్లెం పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడేది. "కూసో బిడ్డా, గిది మనిల్లే" అని మా నాయనమ్మ ఎంత చెప్పినా వినేది కాదు. పిల్లలం అదొక ఆట అనుకుని ఆమె వెనక వరస కట్టేవాళ్లం. మొదట్లో కళ్లొత్తుకున్న నాయనమ్మ, తర్వాత నువ్వుల సద్దయినా, వేడివేడి పెసర గారెలైనా గడపలోనే వడ్డించడం అలవాటు చేసుకుంది.

పండుగ వెళ్లాక, చిన్నాయన పెళ్లిమాటలకని పిట్లం నుంచి పెళ్లిపిల్ల తరఫువాళ్లు వచ్చారు. అత్తను పక్కింట్లో కూర్చోబెడదామన్నాడు తాత.

"నా బిడ్డను దాసిపెట్టి కొడుకు పెండ్లి చెయ్య నేను" అంది నాయనమ్మ.

విస్తళ్లు వేస్తుండగా అత్త పళ్లెంతో వచ్చి నిలబడింది, వెనక మేము. ఎవరీమె అని వాళ్లడిగితే నాయనమ్మ దవాఖాన సంగతి దాచకుండా చెప్పింది. చిన్నాయన తల దించుకున్నాడు. అప్పుడు పిల్ల తల్లి లేచి వచ్చి అత్త పక్కన నిలబడింది.

"చెల్లె, గాడ కడుపునిండ పెడుతుండిరా? మా అన్న గూడ గాడనే ఉండె. మేం పోయి సూడకపోతిమి."

అత్త ఆమె వైపు తిరిగింది. "పెడుతుండిరి అక్కా. పేరు వెట్టి పిలిసెటోళ్లే లేకుండె. మీ అన్న పేరేంది?"

"రాజన్న" అంటూనే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని తన ముందు నిలబెట్టి, "అవ్వా, ముందుగల్ల ఈమెకు పెట్టు" అంది.

సంబంధం కుదిరింది. చిన్నమ్మ కాపురానికి వచ్చాక, ఎప్పటినుంచో ఎవరూ గమనించలేదు గాని, అత్త ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుని తినసాగింది.

నాయనమ్మ, అత్త ఇద్దరూ కాలం చేశారు. పెంకుటిల్లు తీసేసి స్లాబు వేశారు. కొత్త వంటింటికి గడప లేదు. ఎవరి వేళకు వాళ్లు వచ్చి వడ్డించుకుంటారు. చిన్నమ్మ ఒక్కతే ఇప్పటికీ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ, అందరూ తిన్నదాకా కంచం ముట్టదు.